మా బాబుకు గుండె ఆపరేషన్: వాడికి ఏం చెప్పాలి, ఎట్లా చెప్పాలి?

దేవరకొండ_అమ్మ:

అందరికీ నమస్కారం. మాది దేవరకొండ దగ్గర ఒక ఊరు. మా బాబుకు ఐదేళ్లు. అంగన్‌వాడీలో ఉన్నప్పుడు ఆర్‌బీఎస్‌కే (పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే సర్కారు పథకం) వాళ్లు వచ్చి పిల్లలందరినీ పరీక్ష చేశారు. వీడి గుండెలో ఏదో చప్పుడు వినిపిస్తోందని నల్గొండకు పంపారు, అక్కడి నుంచి హైదరాబాద్. ఎకో (గుండె స్కాన్) తీసి, గుండె గదుల మధ్య గోడకు రంధ్రం ఉందని, అది దానంతట అది పూడుకునే రకం కాదని చెప్పారు. ఆపరేషన్‌కు ఇంకా పన్నెండు రోజులుంది. వారం పది రోజులు అక్కడే ఉండాలట. అందులో మొదటి రెండు మూడు రోజులు ఐసీయూలో.

వాడికి ఇప్పటివరకు ఏమీ చెప్పలేదు. మా అత్తమ్మ "చెప్తే పోరడు బుగులు పడతడు, జూ పార్కుకు పోతున్నమని చెప్పి తీస్కపోండి" అంటోంది. మా ఆయనది కూడా అదే మాట. నాకు మనసొప్పడం లేదు. కానీ ఐదేళ్ల పిల్లాడితో ఈ సంగతి ఏ నోటితో చెప్పాలి? ఇంట్లో తొమ్మిదేళ్ల పాప కూడా ఉంది, అది మమ్మల్ని చూసి ఏదో దాస్తున్నామని పసిగట్టింది. నాకు రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. ఇట్లాంటిది చూసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

పాలమూరు_నాన్న:

చెల్లెమ్మా, జూ పార్కు అని మాత్రం చెప్పకండి. నేను చేసిన పని మీరు చేయొద్దని ఇది రాస్తున్నా.

మా పాపకు ఆరేళ్లప్పుడు టాన్సిల్స్ ఆపరేషన్ అయింది. పిల్లలమర్రి (మహబూబ్‌నగర్ దగ్గరి పెద్ద మర్రిచెట్టు) చూపిస్తానని చెప్పి బండి ఎక్కించిన. సంబరంగా కొత్త గౌను వేసుకుంది. దవాఖానలోకి పోయినంక కూడా దానికి అనుమానం రాలేదు, మధ్యలో ఏదో పని ఉండి ఆగామనుకుంది. సిస్టర్ వచ్చి బట్టలు మార్చబోతే నా మొహం చూసి "నాన్నా, చెట్టేది?" అని అడిగింది. ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

ఆపరేషన్ బాగానే అయింది. గొంతు రెండు వారాల్లో మానింది. కానీ ఏడాది దాకా నాతో ఎక్కడికి రమ్మన్నా "నిజంగా అక్కడికేనా?" అని మూడు నాలుగు సార్లు అడిగేది. అమ్మమ్మ ఇంటికి పోతున్నా అడిగేది. తర్వాత ఒక ఆదివారం నిజంగానే పిల్లలమర్రికి తీసుకుపోతే, గేటు దగ్గర నిలబడి "లోపల డాక్టర్ ఉన్నడా?" అంది.

ఆ మర్రిచెట్టే తర్వాత మాకు పనికొచ్చింది. 2018లో దానికి చెదలు పట్టి కొమ్మలు విరిగిపడుతుంటే, అటవీశాఖ వాళ్లు మందు నింపిన సీసాలు వేలాడదీసి మనుషులకు సెలైన్ ఎక్కించినట్టే ఎక్కించారు. మరుసటి ఏడు పాపకు డెంగీ వస్తే, బయలుదేరే ముందే ఉన్నదున్నట్టు చెప్పిన. చేతికి సూది పెడతరు, సెలైన్ ఎక్కిస్తరు, మూడు నాలుగు రోజులు ఉంటం, నేను గానీ అమ్మ గానీ పక్కనే ఉంటం అని. "చెట్టుకు ఎక్కించినట్టా?" అంది. అవునన్న. సూది గుచ్చేటప్పుడు ఏడ్చింది, కానీ నా చెయ్యి విడువలేదు. టాన్సిల్స్ అప్పుడు నన్ను దగ్గరికే రానియ్యలేదు.

నల్గొండ_సిస్టరమ్మ:

అమ్మా, నేను స్టాఫ్ నర్సుగా పిల్లల వార్డుల్లో చాలా ఏళ్లు చేసి రిటైర్ అయ్యాను. మీ మనసు సరిగ్గానే చెబుతోంది. చెప్పకుండా తీసుకొచ్చిన పిల్లలే మా చేతుల్లో ఎక్కువ కొట్టుకునేవాళ్లు. వాళ్లకు సూది భయం ఒకటి, అమ్మ నమ్మించి తెచ్చిందన్న దుఃఖం ఇంకొకటి.

ఎప్పుడు చెప్పాలన్నది వయసును బట్టి. రెండు మూడేళ్ల పిల్లలకైతే ఒక రోజు ముందు చాలు, వాళ్లకు ఎల్లుండి అంటే అర్థం కాదు. మీ బాబు వయసుకు నాలుగైదు రోజుల ముందు. మరీ ముందు చెబితే రోజూ అదే తలుచుకుని బెంగపడతాడు. పాపకు మాత్రం ఈరోజే చెప్పండి. తొమ్మిదేళ్ల పిల్లకు తెలియకపోవడం అంటూ ఉండదు, సగం సగం తెలిసి మిగతాది ఊహించుకుంటుంది. ఆ ఊహ అసలు సంగతి కంటే భయంకరంగా ఉంటుంది.

ఇక మాటలు. "కోస్తారు" అనకండి. "నీ గుండెలో చిన్న చిల్లి ఉంది, అందుకే పరుగెత్తితే ఆయాసం వస్తోంది. డాక్టర్లు దాన్ని మూసి బాగు చేస్తారు" అనండి. మత్తు గురించి చెప్పేటప్పుడు "నిద్రపుచ్చుతారు" అని ఊరుకుంటే, కొందరు పిల్లలు ఇంటికొచ్చాక పడుకోవడానికే భయపడతారు. "అది మందుతో వచ్చే నిద్ర, రాత్రి పడుకునే నిద్ర కాదు. అందులో నొప్పి తెలియదు. పని అయిపోయాక డాక్టర్లు నిన్ను లేపుతారు" అని విడమరచి చెప్పండి. లేపుతారన్న మాట రెండు మూడు సార్లు చెప్పండి.

సూది నొప్పి ఉండదని ఎప్పుడూ చెప్పొద్దు. అలాగని బాగా నొప్పి అని కూడా వద్దు. "కొందరికి చీమ కుట్టినట్టు ఉంటుందట, నీకెట్లా ఉందో నువ్వే నాకు చెప్పు" అనండి. వాడికి చూసి చెప్పే పని ఒకటి దొరుకుతుంది. సూది పెట్టేటప్పుడు మంచం మీద పడుకోబెట్టి నలుగురు అదిమి పట్టుకోవడం కంటే, మీ ఒళ్లో మీ ఛాతీకి ఆనించి కూర్చోబెట్టుకుంటే పిల్లలు తొందరగా కుదుటపడతారు. అట్లా పట్టుకోవచ్చా అని సిస్టర్‌ను అడగండి, అడగడంలో తప్పు లేదు. సూది పెట్టే చోట ముందే రాసే మత్తు క్రీములు కూడా ఉన్నాయి. పని చేయడానికి గంట దాకా పడుతుంది కాబట్టి ముందే అడగాలి.

ఇంకొకటి. అన్నం తినకపోతే సూది ఇప్పిస్తానని పిల్లల్ని బెదిరించే అలవాటు మన ఇళ్లలో ఉంది. మీ ఇంట్లో ఉంటే ఈరోజుతో ఆపేయండి. ఇన్నాళ్లూ సూది అంటే తప్పు చేసినవాళ్లకు వేసే శిక్ష అని మనమే నేర్పి, ఇప్పుడు అది మంచికేనంటే వాడు ఎట్లా నమ్ముతాడు?

మిర్యాలగూడ_నాయనమ్మ:

మా మనవడితో రాయిస్తున్న. మీరందరూ చదువుకున్నోళ్లు, కానీ నేను ఐదుగురు పిల్లల్ని సాకిన. చెప్పకపోవుడే మంచిదని నా అభిప్రాయం. పెద్దోళ్లమే దవాఖాన పేరు చెప్తే తల్లడిల్లుతం, చంటోడు ఏం తట్టుకుంటడు? వానికి తెలియకుండా అయిపోతే మరిచిపోతడు. ఆ అత్తమ్మ బాధ నాకు తెలుసు, మనవడి మీద ప్రేమతోటే అంటున్నది.

నకిరేకల్_కుర్రోడు:

నాయనమ్మా, మీ మీద గౌరవంతోనే చెబుతున్నా, పిల్లలు మరిచిపోరు. నాకిప్పుడు ఇరవై ఆరేళ్లు. ఏడేళ్లప్పుడు కాలికి ఆపరేషన్ అయింది. ఆ వారమే నేను, నా దోస్తు కలిసి పక్కోళ్ల చెలకలో సీతాఫలాలు తెంపుకొని దొరికిపోయాం. ఆ పెద్దమనిషి "నీ కాళ్లు ఇరగ్గొడ్తా" అని తిట్టాడు. నాలుగు రోజులకు నన్ను దవాఖానలో వేశారు. కాలికి ఎందుకు ఆపరేషన్ చేస్తున్నారో ఎవరూ చెప్పలేదు, మా బాపు అయితే నా వైపే చూడలేదు. ఆ పళ్లకే ఈ శిక్ష అనుకున్నా. ఎవరికీ చెప్పలేదు. సీతాఫలం తినడమే మానేశా.

ఇంటర్‌లో ఉన్నప్పుడు మా అమ్మకు ఈ మాట చెబితే ఏడ్చింది. బాపు నా వైపు చూడకపోవడానికి కారణం కోపం కాదట, చూస్తే ఏడుపొస్తుందని తల తిప్పుకున్నాడట. ఆ ఒక్క మాట అప్పుడు నాతో అనుంటే ఎంత బాగుండేది.

అక్కా, మీ బాబుకు ఇంకేం చెప్పినా చెప్పకపోయినా "ఇది నువ్వు చేసిన తప్పు వల్ల కాదు" అని చెప్పండి. వాడు అడగడు. మీరే చెప్పాలి.

మిర్యాలగూడ_నాయనమ్మ:

చదివి వినిపించిండు. నాకు ఇది తోచలే, బిడ్డా.

నల్గొండ_సిస్టరమ్మ:

ఈ బాబు చెప్పింది నిజం. మూడు నుంచి ఏడేళ్ల మధ్య పిల్లలు చాలాసార్లు జరిగినదానికి తామే కారణం అనుకుంటారు.

నాయనమ్మ గారూ, మీరు చెప్పినట్టే ఒకప్పుడు పెద్ద పెద్ద ఆసుపత్రుల్లో కూడా అనుకునేవాళ్లు. బ్రిటన్‌లో తల్లిదండ్రులను వార్డులోకి వారానికి కొన్ని గంటలే రానిచ్చేవారు, వస్తే పిల్లలు ఏడుస్తున్నారని. కొన్నాళ్లకు పిల్లలు ఏడుపు మానేస్తే అలవాటు పడ్డారనుకునేవారు. నిజానికి వాళ్లు అమ్మ వస్తుందన్న ఆశ వదులుకున్నారని తర్వాత గుర్తించారు. 1959లో అక్కడ ఆసుపత్రుల్లో పిల్లల బాగోగులు చూడటానికి వేసిన ప్లాట్ కమిటీ, తల్లిదండ్రులను ఎప్పుడైనా రానివ్వాలని, చిన్నపిల్లల దగ్గర తల్లి ఉండే వీలు కల్పించాలని రాసింది. మనకు ఆ ఒక్కటీ ముందునుంచీ ఉంది. మన దగ్గర పిల్లాడి మంచం పక్కన అమ్మో, అమ్మమ్మో లేని వార్డు నేను చూడలేదు.

అచ్చంపేట_ఆశా:

నేను ఆశా కార్యకర్తను. మా దగ్గరి నుంచి కూడా ఇట్లా పిల్లల్ని హైదరాబాద్ తీసుకుపోతుంటాం కాబట్టి కాగితాల సంగతి చెబుతా. అమ్మకు టెన్షన్ తగ్గితే బిడ్డకూ తగ్గుతుంది.

ఆరోగ్యశ్రీ కింద చేయిస్తున్నారనుకుంటున్నా. 2007లో ఆ పథకం మొదలైన మూడు జిల్లాల్లో మన పాలమూరు ఒకటి, అందుకే మా ఊళ్లలో దాని మీద నమ్మకం ఎక్కువ. 2023 డిసెంబర్‌లో పరిమితిని కుటుంబానికి ఏడాదికి 10 లక్షలకు పెంచారు. రేషన్ కార్డులో బాబు పేరు ఎక్కిందా? కార్డు వచ్చాక పుట్టిన పిల్లల పేర్లు ఎక్కని కార్డులు నేను చాలా చూశా, అడ్మిషన్ రోజు తెల్లవారుజామున అది బయటపడుతుంది. ఎక్కకపోతే ఈ పన్నెండు రోజుల్లోనే ఆసుపత్రిలో ఈ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్ర దగ్గరికి పోయి ఏం చేయాలో అడగండి. బాబు ఆధార్, పుట్టిన సర్టిఫికెట్, పాత ఎకో రిపోర్టులు ఒక కవర్లో, వాటి జిరాక్సులు ఇంకో కవర్లో పెట్టండి.

గుండె ఆపరేషన్‌కు రక్తం కావాలంటారు. రక్తం ఇచ్చేవాళ్లు ఇద్దరు ముగ్గురిని ఇప్పుడే అనుకుని పెట్టుకోండి. ఆ రోజు ఊరికి ఫోన్లు చేసుకుంటూ కూర్చుంటే బాబు దగ్గర ఎవరుంటారు?

చుట్టాల గురించి కూడా ఒక మాట. ఇరవై మంది ఆటో కట్టించుకుని వస్తారు, ప్రేమతోనే వస్తారు. కానీ ఒక్కొక్కరూ మంచం దగ్గర నిలబడి "అయ్యో, ఎంత కష్టమొచ్చె" అని ఏడిస్తే బిడ్డ ఏమనుకోవాలి? బాబు ఇంటికొచ్చాక రమ్మని ముందే చెప్పండి. ఫోన్లన్నీ ఒక్క మేనమామకో బాబాయికో అప్పగించండి. ఎవరు అడిగినా ఆయనే చెబుతాడు.

మత్తు_డాక్టర్_పాలమూరు:

నేను మత్తు వైద్యుణ్ణి. ఆపరేషన్ ముందు ఖాళీ కడుపు గురించి ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. మామూలుగా మేం పాటించేది ఇది: అన్నం, బిస్కెట్లు, ఆవు పాలు, గేదె పాలు అయితే 6 గంటల ముందు ఆపాలి, తల్లిపాలు 4 గంటలు, మంచినీళ్లు 2 గంటలు. మీ బాబుకు మీ ఆసుపత్రి వాళ్లు చెప్పిన టైమే లెక్క. మత్తులో వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ప్రాణానికే ప్రమాదం. ఆకలితో ఏడుస్తున్నాడని నానమ్మ కొంగు చాటున ఒక బిస్కెట్ పెట్టడం నేను చూశాను. ఆమెది ప్రేమే. అడిగితే ఏమీ పెట్టలేదన్నారు, అదృష్టం కొద్దీ పిల్లాడే చెప్పాడు. పెట్టినా సరే దాచకుండా చెప్పండి, ఎవరూ కోప్పడరు, టైము మార్చుకుంటాం. ఎందుకు పెట్టకూడదో పెద్దవాళ్లకు ఇంట్లోనే వివరించండి. కారణం తెలిస్తే వాళ్లే కాపలా ఉంటారు.

ఐదారేళ్ల పిల్లలకు పాలపళ్లు కదులుతుంటాయి. కదిలే పన్ను ఉంటే మాకు చెప్పండి. గుండె ఆపరేషన్ కాబట్టి పుచ్చిపళ్లు ఉంటే ముందే చూపించాలి, వాటి నుంచి క్రిములు రక్తంలోకి చేరి గుండెకు పట్టే ప్రమాదం ఉంటుంది. జలుబు, దగ్గు, జ్వరం వస్తే ఫోన్ చేయండి. ఆపరేషన్ వాయిదా పడుతుందేమోనని దాచకండి.

మొలతాడు, కాళ్ల పట్టీలు, తాయెత్తు, చెవి పోగులు తీయాల్సిందే. ఆపరేషన్‌లో వాడే కరెంటు పరికరం వల్ల ఒంటి మీద లోహం ఉంటే కాలే ప్రమాదం ఉంది. గోళ్ల రంగు కూడా తీసేయండి. వేలికి పెట్టే క్లిప్పు వెలుతురుతో ఆక్సిజన్ లెక్క చూస్తుంది, రంగు అడ్డొస్తుంది.

మిర్యాలగూడ_నాయనమ్మ:

మొలతాడు తీయాలంటే ఇంట్లో పెద్దోళ్లకు ప్రాణం మీదికి వస్తది. ఆ రోజు ఓటీ ముందు సిస్టర్ కత్తెరతోటి కోస్తే ఇంకా బాధ. ముందు రోజు ఇంట్లనే మీ అత్తమ్మ చేతనే దీపం పెట్టి తీయించు, బిడ్డా. దేవుని దగ్గర పెట్టి, ఇంటికొచ్చినంక ఆమె చేతనే మళ్ల కట్టించు. అట్లయితే ఆమె ఒప్పుకుంటది.

సూర్యాపేట_టీచర్:

పాప గురించి సిస్టరమ్మ గారు తప్ప ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నా. నా తరగతిలో ఇట్లా తమ్ముడో చెల్లెలో దవాఖానలో ఉన్న పిల్లలు ఉంటారు. వాళ్లు అల్లరి చేయరు, హోంవర్క్ చేసుకొస్తారు, అందుకే ఎవరి కంటా పడరు. ఒకమ్మాయి మధ్యాహ్న భోజనంలో గుడ్డు తినకుండా టిఫిన్ డబ్బాలో దాచుకుంటుంటే అడిగాను. తమ్ముడు వచ్చాక ఇస్తానంది. ఆ తమ్ముడు అప్పటికి పది రోజులుగా హైదరాబాద్‌లో ఉన్నాడు.

మీ పాపకు ఆ పది రోజులు ఎవరి దగ్గర పడుకుంటుందో, జడలు ఎవరు వేస్తారో, బడికి ఎవరు దింపుతారో ముందే చెప్పండి. రోజూ ఒకే టైముకు, ఐదు నిమిషాలైనా సరే, ఫోన్ చేయండి. ఆ ఫోన్‌లో తమ్ముడి గురించి కాకుండా ముందు తన గురించి అడగండి. టీచర్‌కు కూడా ఒక మాట చెప్పి ఉంచండి.

దేవరకొండ_అమ్మ:

మీ అందరి మాటలు మూడు రోజులు చదువుకున్నా. ఇక్కడ రాసినవి మా అత్తమ్మకు, మా ఆయనకు చదివి వినిపించా. సీతాఫలాల సంగతి విన్నాక మా ఆయన లేచి బయటికి పోయాడు. రాత్రి వచ్చి "నేనే చెప్తా" అన్నాడు.

నిన్న చెప్పాం. అన్నం తిన్నాక వాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని ఆయనే చెప్పాడు. చిల్లి గురించి, మందు నిద్ర గురించి, లేపుతారన్న సంగతి. నువ్వేం తప్పు చేయలేదని కూడా. వాడు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "నా చెప్పులు ఎక్కడ పెడతరు?" అన్నాడు. మాకు అర్థం కాలేదు. మొన్న ఎకో తీసినప్పుడు గది బయట విప్పిన చెప్పులు ఎవరో తీసుకుపోయారు, వట్టి కాళ్లతో ఎండలో బస్టాండ్ దాకా నడిచాడు. వాడికి దవాఖాన అంటే అదే గుర్తు. చెప్పులు మా సంచిలో పెట్టుకుంటామని మాటిచ్చాం. ఆ తర్వాత "గుండె బయటికి తీస్తరా?" అనీ, "నొప్పైతే ఏడ్వొచ్చా?" అనీ అడిగాడు. తీయరు, ఏడ్వొచ్చు అని చెప్పాం.

పొద్దున మా అత్తమ్మ పాత చీరతో ఒక బొమ్మ కుట్టింది. దాని ఛాతీ మీద ఎర్రదారంతో నిలువుగా ఒక గీత. పాప దానికి ప్లాస్టర్ అంటించింది.

సిస్టరమ్మ గారూ, ఐసీయూలో గొంతులో గొట్టం ఉంటే మాట రాదంటున్నారు. అది ఎట్లా చెప్పను?

నల్గొండ_సిస్టరమ్మ:

"నువ్వు లేచేసరికి ఊపిరి గొట్టం ఉంటే మాట రాదు, అది తీసేయగానే వస్తుంది" అని చెప్పండి. బొమ్మ మూతికి ఒక సన్న గొట్టం పెట్టి చూపించండి. ఒక అట్టముక్క మీద బొమ్మలు గీయండి: నీళ్లు, నొప్పి, అమ్మ, ఒంటేలు. ఏది కావాలంటే దాని మీద వేలు పెట్టమని ఇంట్లోనే ఆట ఆడించండి. ఆ అట్ట ఐసీయూ సిస్టర్‌కు ఇవ్వండి. మీరు ఐసీయూలో ఎప్పుడూ ఉండలేరని కూడా ఇప్పుడే చెప్పండి. "లోపలికి పిలిచినప్పుడల్లా వస్తా, పిలవనప్పుడు తలుపు బయటే ఉంటా" అనండి. అన్నట్టే తలుపు బయటే ఉండండి.

దేవరకొండ_అమ్మ:

బయలుదేరే ముందు రోజు జలుబు చేసింది. డాక్టర్ గారు చెప్పినట్టు దాచకుండా ఫోన్ చేశాం. వాయిదా వేశారు. వాడు సంచి పట్టుకుని గడప మీద కూర్చున్నాడు, ఇప్పుడేం చెప్పను?

మత్తు_డాక్టర్_పాలమూరు:

మంచి పని చేశారమ్మా. జలుబుతో ఉన్నప్పుడు మత్తు ఇస్తే ఊపిరి ఇబ్బందులు ఎక్కువ. "నీ ముక్కు బాగయ్యాక పిలుస్తామన్నారు" అనండి, చాలు. కొత్త తేదీ ఖాయమయ్యేదాకా చెప్పకండి.

దేవరకొండ_అమ్మ:

ఇన్నాళ్లు రాయలేకపోయా, క్షమించండి. ఆపరేషన్ అయింది. తొమ్మిదో రోజు ఇంటికొచ్చాం.

లోపలికి తీసుకుపోయేటప్పుడు ఏడ్చాడు. బొమ్మను కూడా తలుపు దాకా రానిచ్చారు. మరుసటి రోజు ఐసీయూలో చూసినప్పుడు గొట్టం తీసేశారు. అంతకుముందు అట్ట మీద "అమ్మ" బొమ్మ దగ్గర వేలు పెట్టాడని, తలుపు బయటే ఉందని చెబితే కళ్లు మూసుకున్నాడని అక్కడి సిస్టర్ చెప్పింది. సెలైన్ చూపించి "చెట్టుకు పెట్టినట్టే" అని వార్డులో పక్క మంచం పాపకు వీడే చెప్పాడు. పాలమూరు అన్నా, ఆ మాట మీదే.

ఇప్పుడు ఒక ఇబ్బంది. ఇంటికొచ్చినప్పటి నుంచి రాత్రి పక్క తడుపుతున్నాడు. రెండేళ్ల కిందే మానేశాడు. నేను బాత్రూముకు పోయినా వెంటే వస్తాడు. ఏమైనా తేడా జరిగిందా?

నల్గొండ_సిస్టరమ్మ:

తేడా ఏమీ కాదమ్మా. దవాఖాన నుంచి వచ్చిన చాలామంది పిల్లలు కొన్నాళ్లు చిన్నపిల్లలైపోతారు. పక్క తడపడం, కొంగు పట్టుకు తిరగడం, పీడకలలు, బువ్వ తినిపించమనడం. తిట్టకండి, నలుగురిలో చెప్పకండి. రెండు మూడు వారాల్లో తగ్గుతుంది. నెల దాటినా తగ్గకపోతే, లేదా మాటా ఆటా మానేస్తే డాక్టర్‌కు చెప్పండి. జ్వరం వచ్చినా, కుట్ల దగ్గర ఎర్రబడినా, చీము కారినా మాత్రం ఆగకుండా వెంటనే ఫోన్ చేయండి.

చంకల కింద చేతులు వేసి ఎత్తకండి, ఛాతీ ఎముక అతుక్కునేదాకా ఆరు వారాలైనా. ఒక చెయ్యి వీపు కింద, ఒకటి పిరుదుల కింద పెట్టి ఎత్తాలి. ఇంట్లో అందరికీ చెప్పండి.

దేవరకొండ_అమ్మ:

మా అత్తమ్మకు బొమ్మ మీద చూపించా. మొలతాడు ఆమే కట్టింది. తమ్ముడి పక్క తడిసిందని పాప వాడి కంటే ముందే లేచి దుప్పటి తీసి ఎండేస్తోంది, ఎవరూ చెప్పకుండానే. దాన్నీ దగ్గరకు తీసుకుని పడుకుంటున్నా.

సోమవారం చెకప్‌కు హైదరాబాద్ పోతున్నాం. వాడికి ఈరోజే చెప్పాం. సంచి వాడే సర్దుకుంటున్నాడు. చెప్పులు రెండు జతలు పెట్టాడు.